ఇంకా పెట్టని అంగడి

మొదటే చెప్పేస్తున్నాను, ఇందులో ఎవరి పేరూ రాయను. మొహమాటం వల్ల కాదు. పేరు రాయడం ఒక్కోసారి ఎంత తంటా తెచ్చిపెడుతుందో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నేను కామర్సు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సొంత ఊరు మదనపల్లె. సర్వీసు చాలావరకు పుంగనూరులో, చివరి కొన్నేళ్లు కుప్పంలో గడిచింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏది సార్ అని అడుగుతుంటారు. ఏదో అవార్డు అందుకున్న రోజు గురించి చెబుతానని వాళ్ల ఆశ. నాకు ఎవరూ అవార్డు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. నాకు గుర్తున్నది ఒక పరీక్ష రోజు. ఆ పరీక్ష నేను రాయలేదు, హాల్లోకి కూడా పోలేదు. గేటు బయట చెరుకు రసం బండి పక్కన నిలబడ్డాను, అంతే.

ఎవరి సబ్జెక్టు పరీక్ష రోజు వాళ్లకు హాల్లో డ్యూటీ వేయరు. అది రూలు. అందుకని కామర్సు పరీక్ష రోజున నేను పెళ్లికి పిలవని చుట్టంలాగా గేటు బయట తిరిగేవాణ్ణి. పుంగనూరులో ఉన్నప్పుడే ఆ తిరుగుడులో నాకొక విద్య పట్టుబడింది. బయటికొచ్చిన పిల్లల్ని ఎట్లా రాశావని అడగను. అడిగితే నిజం చెప్పరు. బాగా రాసినవాళ్లు దిష్టి తగులుతుందని "ఏమో సార్, యావరేజీ" అంటారు. రాయలేనివాళ్లు "సూపర్ సార్" అంటారు. అందుకని నేను వాళ్ల మొహం కాదు, చేతిలో ఉన్న పరీక్ష అట్టను చూస్తాను. అట్టతో విసురుకుంటూ వచ్చేవాడు పాసు. ఎండకు అడ్డంగా నెత్తిన పెట్టుకున్నవాడూ పాసే, మార్కులే కొంచెం తక్కువ. గేటు దాటకముందే అట్ట మీద ప్రశ్నపత్రం పరిచి జవాబులు సరిచూసుకునే అమ్మాయికి ఫస్టు క్లాసు, ఆ సంగతి ఆమెకు ఒక్కదానికే తెలియదు. అట్టను చంకలో ఇరికించుకుని ఎవరివైపూ చూడకుండా బస్టాండు దారి పట్టేవాడి కోసం మాత్రం సప్లిమెంటరీ ఫీజు కట్టే తేదీ నేనే గుర్తుపెట్టుకోవాలి. ఫలితాలు వచ్చాక చూస్తే నా అంచనా పెద్దగా తప్పేది కాదు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది.

కుప్పంలో నాతోపాటు కామర్సు చెప్పడానికి ఒక గెస్ట్ లెక్చరర్ వచ్చింది. మా మదనపల్లె అమ్మాయే. ఎంకాం చదివి, కొన్నాళ్లు ప్రైవేటు కాలేజీలో చెప్పి వచ్చింది. వచ్చే ఏడాది ఉంచుతారో లేదో తెలియని ఉద్యోగం, అయినా మా పర్మనెంటు వాళ్లకంటే గట్టిగా పాఠం చెప్పేది. గోడకు ఇవతల నా క్లాసులో నేను నోట్సు చెప్పుకుంటుంటే, అవతల ఆమె క్లాసులో నవ్వులు. నాకు ఒళ్లు మండేది. కామర్సులో నవ్వడానికి ఏముంటుందని నా అనుమానం.

ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో నా పాత నోట్సు తిరగేస్తూ అడిగింది. "ఎక్స్‌వైజెడ్ ట్రేడర్స్ అంటే ఎవరు సార్?"

"ఎవరూ కాదమ్మా. వ్యాపార లేఖల్లో రాసే పేరు. అందరూ అదే రాస్తారు."

"లేని మనిషికి లేని అంగడోడు లెటర్ రాస్తే పిల్లోళ్లకు ఏం తెలుస్తాది సార్? కుప్పంలో ఇన్ని అంగళ్లు ఉండాయి కదా."

అన్నంత పనీ చేసింది. సెకండియర్ పిల్లల్ని వెంటబెట్టుకుని బజారులో తిప్పింది. కుప్పం బజారు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒక అంగట్లో తెలుగు, పక్క అంగట్లో తమిళం, ఎదురుగా కన్నడం, బేరం మాత్రం మూడూ కలిపి. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో అంగడి పట్టుకున్నారు. సొంత అంగడి ఉన్నవాడు సొంతది, లేనివాడు మామదో బాబాయిదో. ఆ అంగడికి ఏ సరుకు ఎక్కణ్ణించి వస్తుందో కనుక్కుని, ఆ అంగడి పేరుతోనే టోకు వ్యాపారికి ఆర్డరు లేఖ రాయాలి. కింద సంతకం వాళ్లదే. క్లాసులో ఒక్కొక్కరూ లేచి చదువుతుంటే మిగతావాళ్లు ఆ టోకు వ్యాపారులై బదులు చెప్పేవాళ్లు. నాణ్యత లేని చింతపండు పంపారని ఒకడు పోట్లాడుతుంటే నేను కూడా నోట్సు ఆపి విన్నాను. ఒప్పుకోకపోతే అన్యాయం, బాగుండేది.

ఆ క్లాసులో ఒక అమ్మాయి. ముందు బెంచీలో కూర్చునేది, మాట తక్కువ. ఇంట్లో సంపాదన వాళ్లమ్మది ఒక్కతిదే. ఆమె బెంగళూరు దగ్గర బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. తెల్లారకముందే కుప్పం స్టేషన్లో రైలెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఒకరోజు ఆ తల్లి కాలేజీకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఈ సారి అన్నీ పాసయితే డిగ్రీలో ఏస్తా. ఒక్క సబ్జెక్టు పోయినా నా ఎంబడి రైలెక్కాల్సిందే. మా సూపర్‌వైజరుకు చెప్పి పెట్టినా. మళ్లా రాసుకుంటా అని ఇంట్లో కూసుంటే నా ఒక్కదాని చేతగాదు సార్."

కోపంగా అన్న మాట కాదు అది. ముందే మనసు గట్టి చేసుకుని వచ్చి చెప్పిన మాట. పక్కన ఆ అమ్మాయి తల వంచుకుని గోడకు ఆనుకుని ఉంది. పాసవుతుందిలే అమ్మా, నేనున్నాను కదా అన్నాను. నేనుండి ఏం చేస్తానో నాకే తెలియదు.

ఆ అమ్మాయికి లేఖ రాయడానికి అంగడి దొరకలేదు. బంధువుల్లో కూడా ఎవరికీ లేదు. "నాకు అంగడి లేదు మేడమ్" అంటే, మా గెస్ట్ లెక్చరర్ "లేకపోతే పెట్టుకో" అంది. పెట్టుకుంది. కాగితం మీదే, కుట్టు సామాన్ల అంగడి. దారాలు, గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డ, కాలర్లలో పెట్టే గట్టి గుడ్డ. వాళ్లమ్మ ఏ జిప్పు తొందరగా ఊడిపోతుందని ఇంట్లో తిట్టుకునేదో అది కూడా లేఖలో ఉంది. ఆ రకం మాత్రం పంపవద్దని.

పరీక్ష రోజు రానే వచ్చింది. శనివారం, మంచి ఎండ. నేను నా చెరుకు రసం బండి దగ్గర, మా గెస్ట్ లెక్చరర్ జిరాక్సు అంగడి మెట్ల మీద. గంట కొట్టారు. గేటు తీశారు.

నా సర్వీసులో అంత సంబరంగా ఏ బ్యాచీ బయటికి రాలేదు. అందరూ అట్టలతో విసురుకుంటున్నారు. కొందరు ఒకరి నెత్తిన ఒకరు కొట్టుకుంటున్నారు. ఒక్క అట్ట కూడా చంకలో లేదు. నేను తృప్తిగా రసం గ్లాసు అందుకున్నాను.

"సార్, లెటర్ వచ్చింది సార్!" అని చింతపండు కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "మీ దుకాణానికి సరుకు కావాల, ఆర్డరు లేఖ రాయండి అని అడిగినారు. మా నాయన అంగడి పేరు పైన ఏసి, కింద నా సంతకం గీకినా. అచ్చం నిజం లెటరే సార్!"

గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది.

"నేను మా మామ రబ్బరు స్టాంపు గూడా ఏసినా సార్" అన్నాడు ఇంకొకడు. "గుండ్రంగా గీసి, లోపల ఊరి పేరు. సుట్టూ అంగడి పేరు. కంపాసు లేకుండానే!"

"నువ్వేమి ఏసినావులే. నేను ఫోన్ నంబరు ఏసినా" అన్నాడు మూడోవాడు, ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లవాడు. "పేపరు దిద్దే సారుకు ఏమన్నా డౌటు వస్తే ఫోన్ చేసి అడుగుతాడు గదా సార్. నిజం అంగడే అని చెప్తా."

అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. మీలో కొత్తగా చేరినవాళ్లకు తెలియకపోవచ్చు, అందుకని చెబుతున్నాను. జవాబు పత్రంలో రాసిన పిల్లవాడెవరో తెలిసేలా పేరు గానీ ఊరు గానీ గుర్తు గానీ ఉండకూడదు. ఉంటే దాన్ని కాపీ కొట్టినట్టే లెక్కగట్టి పక్కన పెట్టేస్తారు, పేపరు పోయినట్టే. ఎక్స్‌వైజెడ్ ట్రేడర్స్ పుట్టిందే అందుకు. పాతవాళ్లం బుర్ర లేక రాయించిన పేరు కాదది. ఆ కారణం మా గెస్ట్ లెక్చరర్‌కు తెలియదు. జవాబు పత్రం మొదటి పేజీలో అచ్చేసిన హెచ్చరిక పిల్లలు చదివే ఉంటారు. కానీ అది తమ పేరు గురించి అనుకున్నారు, అంగడోడి పేరు గురించి కాదు. అంగడోడే తామైతే ఎట్లాగని వాళ్లకు తట్టలేదు.

ఆ గుంపు వెనకాల మా ముందు బెంచీ అమ్మాయి. అట్టను గుండెలకు ఆనించుకుని నడుస్తోంది. అట్టను అట్లా పట్టుకుని వచ్చినవాళ్లను నేను అంతకుముందు చూడలేదు, దాని అర్థం నా విద్యలో లేదు.

"నువ్వేం రాశావమ్మా?" నా నియమం మరిచి అడిగేశాను.

"నా అంగడే సార్. నా పేరే పెట్టినా."

"ఆ అంగడి యాడుందే?" అని ఎవరో ఏడిపించారు.

"ఇంకా పెట్టలే" అంది, ఏమాత్రం తడుముకోకుండా. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిపోవడం నేను చూశాను. రసం గ్లాసు బండి మీద పెట్టేశాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ సాయంత్రం మదనపల్లె బస్సులో నేనూ మా గెస్ట్ లెక్చరరూ ముందూ వెనకా సీట్లలో కూర్చున్నాం. పలమనేరు దాటేదాకా ఆమె పిల్లలు చెప్పిన మాటలే మళ్లీ మళ్లీ చెప్పుకుని మురిసిపోతోంది. పుంగనూరు బస్టాండులో బస్సు కాసేపు ఆగుతుంది. దిగి టీ తాగుతూ అక్కడ చెప్పాను. నేను అంత కాలం పనిచేసిన ఊళ్లో, ఎందరికో మంచి మాటలు చెప్పిన ఊళ్లో, ఆ మాట చెప్పాల్సి వచ్చినందుకు ఇప్పటికీ ఆ టీ బంకు వైపు చూడబుద్ధి కాదు.

ఆమె మొదట నమ్మలేదు. ఆ రూలు రెండోసారి చెప్పించుకుంది.

"నా వల్లే కదా సార్. సోమవారమే చెప్పేస్తా. రాయించింది నా తప్పు, పిల్లోళ్లది కాదు అని పై ఆఫీసుకు రాసిస్తా. నన్ను తీసేస్తే తీసేయనీ."

"సోమవారం వాళ్లకు ఎకనామిక్సు. ఈ మాట విన్న చేత్తో ఏం రాస్తారు?"

"అయితే ఊరికే ఉందామా?"

"పిల్లలకు పరీక్షలయ్యేదాకా చెప్పొద్దు. నేను స్పాటుకు పోతున్నా కదా. అక్కడ క్యాంపు ఆఫీసరుకు అంతా చెప్పి, వాళ్లను కాపాడమని కాళ్లు పట్టుకునైనా అడుగుతా."

స్పాటంటే జవాబు పత్రాలు దిద్దే క్యాంపు. అక్కడ మన జిల్లా పేపర్లు మనకు రావు. మా పిల్లలవి ఎక్కడో వేరే జిల్లాలో ఎవరో దిద్దుతారు. అందుకే పైవాళ్లకు చెప్పుకోవడం తప్ప దారి లేదనుకున్నాను. బస్సు కదిలాక ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. 

మిగతా పరీక్షలకు పిల్లలు హుషారుగా వచ్చారు, హుషారుగా పోయారు. మేమిద్దరం మాత్రం గేటు దగ్గర పళ్లు బయటపెట్టి నవ్వుతూ, లోపల ఉడికిపోతూ నిలబడ్డాం. ఫోన్ నంబరు వేసిన కుర్రాడు రోజూ ఫోన్ చూపించి "ఇంకా ఎవురూ చెయ్యలే సార్" అనేవాడు. చెయ్యకూడదు నాయనా అని మనసులో దండం పెట్టుకునేవాణ్ణి.

క్యాంపు మొదలైంది. పెద్ద హాలు, బల్లకు ఒక చీఫ్ ఎగ్జామినరు, చుట్టూ దిద్దేవాళ్లం. క్యాంపు ఆఫీసరు రిటైర్మెంటుకు దగ్గరైన ఒక ప్రిన్సిపాలమ్మ. ఆమెదీ మా జిల్లానే కాబట్టి మాట మా మాటే, చూపు మాత్రం సూది. ఆమె గదిలోకి పోవడానికి మొదటి రోజు ధైర్యం చాలలేదు. రెండో రోజూ చాలలేదు. ఆ తర్వాత ఇక లాభం లేదని, ఏమైతే అయిందని లేచి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఆమె హాల్లోకి వచ్చింది, పక్క బల్ల చీఫ్ ఒక జవాబు పత్రం పట్టుకుని ఆమెకు ఎదురువెళ్లాడు.

"మేడమ్, ఇది చూడండి. ఆర్డరు లేఖలో పేరు, ఊరు, సంతకం అన్నీ రాసేశాడు. మాల్‌ప్రాక్టీసు కింద పక్కన పెట్టమంటారా?"

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎక్కడో కోస్తా వైపు పిల్లవాడి పేపరు అది. ఆ లేఖలు రాసింది మా పిల్లలొక్కరే కాదన్నమాట. మీ దుకాణం అని అడిగితే రాష్ట్రంలో అంగడి ఉన్న పిల్లలందరూ మాదే కదా అనుకుని ఉంటారు.

ఆమె కళ్లజోడు సవరించుకుని పేజీ మొత్తం చదివింది. తొందరేమీ లేదు.

"ఇందులో ఉండే పేరు ఈ పిల్లోడి పేరే అని మీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. రాశాడు కదా..."

"లేఖలో ఒక అంగడోడి పేరు రాసినాడు. అంగడోడు వీడేనో, వీడి మామేనో, అసలు అట్లాంటి అంగడి ఈ లోకంలో ఉండాదో లేదో నాకు తెలీదు. మీకూ తెలీదు. మీ దుకాణం అని మనమే అడిగితిమి. పిల్లోడు ఒక పేరు పెట్టినాడు. ఎవురో తెలిసినప్పుడు గదా తప్పు. కూసోని దిద్దండి."

హాలంతా వినేలాగే చెప్పింది. తర్వాత ఆ సూది చూపు నా మీద పడింది. హాల్లో నిలబడి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

"మీకేమి కావాల సార్?"

అంతవరకు నా నాలుక చివర ఉన్న కథంతా, ఫలానా కుప్పం పిల్లలు, ఫలానా పేర్లు, అవి వాళ్ల సొంత పేర్లేనన్న మాట, అన్నీ అక్కడే గడ్డకట్టుకుపోయాయి. అప్పుడు అర్థమైంది నాకు. ఆ పేర్లు ఎవరివో పిల్లలు కాక లోకంలో తెలిసినవాళ్లం నేనూ మా గెస్ట్ లెక్చరరూ మాత్రమే. నేను నోరు విప్పి, కాపాడండి అని ఏడ్చి ఉంటే, అందరికీ తెలియజేసి పిల్లల్ని ముంచేది నేనే.

"మంచినీళ్లు మేడమ్" అన్నాను.

"బిందె ఆ మూల ఉండాది."

నాలుగడుగులు వేసినవాణ్ణి ఊరుకోలేక వెనక్కి తిరిగాను. "ఫోన్ నంబరు గూడా రాసింటే మేడమ్?"

"మీ కట్టలో అట్లాంటిది వచ్చిందా?"

"రాలేదు మేడమ్."

"రానప్పుడు యాల అడుగుతారు? నీళ్లు తాగి కూసోండి."

తాగాను. ఆ బిందెలో నీళ్లంత తియ్యటి నీళ్లు నేను మళ్లీ తాగలేదు.

మదనపల్లెకు వచ్చి మా గెస్ట్ లెక్చరర్‌కు చెబితే ఆమె ఏడ్చి, నవ్వి, చివరికి నా మీదే విరుచుకుపడింది. మొదటి రోజే ఎందుకు పోలేదు సార్, ఇన్నాళ్లు నాకు నిద్రలేదు అంది. నేను ధైర్యవంతుణ్ణి కానందువల్లే మనవాళ్లు బతికారమ్మా అన్నాను. నిజం కూడా అదే. మొదటి రోజే పోయి ఉంటే కథ వేరేగా ఉండేది.

అయినా ఆ ప్రిన్సిపాలమ్మ మాట ఆ ఒక్క హాలుకే. మా పిల్లల పేపర్లు ఏ జిల్లాకు పోయాయో, అక్కడ ఎవరు ఎట్లా చూస్తారో తెలియదు. ఫలితాలు వచ్చేదాకా మా ఇద్దరికీ అన్నం సరిగా సయించలేదు. వచ్చాయి. ఆ బ్యాచీలో కామర్సు ఎవరికీ పోలేదు. ఫోన్ నంబరు కుర్రాడికి కూడా. అతనికి ఈ రోజుదాకా ఆ ఫోన్ రాలేదని మొన్న ఎవరో చెప్పారు.

ఫలితాల మరునాడు ముందు బెంచీ అమ్మాయి వాళ్లమ్మ డ్యూటీకి పోలేదు. కూతురిని వెంటబెట్టుకుని స్వీటు పొట్లంతో కాలేజీకి వచ్చింది. ఈసారి కూర్చోమంటే కూర్చుంది. అప్పుడు మా గెస్ట్ లెక్చరర్, మార్కులు చెప్పడానికి వచ్చిన పిల్లలందరికీ ఆ రూలూ మా భయమూ పూసగుచ్చినట్టు చెప్పింది. అందరూ గొల్లున నవ్వారు, అప్పటికి నవ్వే హక్కు వచ్చింది కదా. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అయితే పేరు రాయకూడదా సార్" అని చిన్నబోయింది. పరీక్షలోనే రాయకూడదమ్మా అన్నాను.

ఆ తర్వాతి ఏడాది నుంచి మా గెస్ట్ లెక్చరర్ క్లాసులో సొంత పేర్లతోనే రాయించి, పరీక్ష ముందు రోజు మాత్రం అందరి పేర్లూ కొట్టేయించి ఎక్స్‌వైజెడ్ అని రాయించేది. ఇప్పుడామె వేరే ఊళ్లో పర్మనెంటు. కొత్తవాళ్లకు నేను చెప్పేది కూడా ఒకటే. గేటు దగ్గర పిల్లలు చెప్పే సంబరాలు చెవులారా వినండి. విన్నది గేటు దగ్గరే వదిలేసి ఇంటికి పోండి.

మొన్నామధ్య ఒక పెళ్లికని కుప్పం పోయాను. బస్టాండు నుంచి నడుస్తుంటే కొత్తగా ఒక వరస అంగళ్లు. వాటిలో ఒకదాని ముందు రంగురంగుల దారపు ఉండలు తోరణంలాగా వేలాడుతున్నాయి. బోర్డు చదివి రోడ్డు మధ్యలో ఆగిపోయాను. వెనక ఆటోవాడు హారన్ కొడితేగానీ కదల్లేదు.

లోపల వాళ్లమ్మ స్టూలు మీద కూర్చుని జిప్పులు విడదీసి పెడుతోంది. రైలు టైముకు పరిగెత్తాల్సిన పని ఇక లేదు ఆమెకు. గల్లా దగ్గర ఉన్న మనిషి నన్ను చూసి గబుక్కున లేచింది. డిగ్రీ అయ్యాక కొన్నేళ్లు ఒక కంపెనీ స్టోర్సులో పనిచేసిందట, ఇప్పుడిది పెట్టిందట.  బోర్డు వైపు చెయ్యి చూపించాను.

"పేరు రాసినా సార్" అంది, అప్పటిలాగే తడుముకోకుండా. "ఈడ రాస్తే ఏం కాదు గదా?"